ముప్పై రెండు ఇళ్ల ఊరు

సుంగై పాసిర్ తోట,
తెలుక్ ఆన్సన్ దగ్గర, మలాయా,
జూన్ 3, 1932.

అమ్మా కూర్మమ్మా,

మీ మావ రాస్తున్నాడు. పెనాంగు డిపోలో నువ్వూ, సన్యాసీ, పాప నూకమ్మా కుదురుగా ఉన్నారనుకుంటాను. మీ నాన్న బంగారయ్య బావకు దగ్గు తగ్గిందనుకుంటాను. నాకేం లేదు, బాగానే ఉన్నాను. మన ఇంట్లోకి ఇంకా ఎవరినీ పెట్టలేదు. పెట్టడానికి మనుషులేరీ. కొబ్బరికి ధర లేదని సగం తోటను ఓడలెక్కించి వెనక్కి పంపుతున్నారు కదా, కూలి లైన్లలో ఇళ్లన్నీ తలుపులు తెరుచుకుని ఉన్నాయి. కొబ్బరి ఆరబెట్టే కొట్టానికి కాపలాగా నన్ను ఉంచారు.

ఈ ఉత్తరం నిజానికి నా కొడుకు సన్యాసికి రాయాలి. వాడు తోట బడిలో తమిళం చదివాడు, తెలుగు అక్షరం రాదు. వాడికి రాస్తే చదివిపెట్టేది మీ నాన్న అవుతాడు. అది జరగకూడదు. నీకు అక్షరాలు నేనే నేర్పాను, కొట్టం గోడ మీద బొగ్గుతో. అందుకని నీకు రాస్తున్నాను. మావ కోడలికి చెప్పుకునే మాటలు కావివి. తొమ్మిదేళ్లు నీ చేతి అన్నం తిన్నాను, ఆ తొమ్మిదేళ్లలో నీతో మాట్లాడినవన్నీ కలిపినా ఈ కాగితం ఒక పక్క నిండదు. ఒక్కదానివే కూచుని చదువు.

మీరు జగ్గన్నవలస వెళ్లొద్దు.

మద్రాసులో ఓడ దిగాక మీ నాన్నతో బొబ్బిలి పక్క ఆయన ఊరికి పొండి. లేదంటే విశాఖపట్నంలో దిగిపోయి ఏదో పని చూసుకోండి. అందరం కలిసి ముందు జగ్గన్నవలస వెళ్లి గుడి మెట్లెక్కి, ఆ తర్వాతే ఎవరి దారి వాళ్లు చూసుకుందామని మీ నాన్న అన్నాడు కదా. ఆ మెట్లు లేవు. జగ్గన్నవలస అని ఊరైతే ఉంది. నేను చెప్పిన ఊరు అక్కడ లేదు.

నేను చెప్పిన ఊరు మీ అందరికీ కంఠతా వచ్చు. ఉత్తరాన నల్లటి అడవి కొండ. కొండ కింద పుట్టిన గెడ్డ ఊరి మధ్యలోంచి దక్షిణానికి పోతుంది. గెడ్డకు రెండు పక్కలా ముప్పై రెండు ఇళ్లు. ప్రతి ఇంటి వెనకా ఆ ఇంటివాళ్ల పొలం, సన్నగా పొడుగ్గా కొండ మొదలుదాకా పోతుంది. రెండు కమానుల రాతి వంతెన. మెట్ట మీద గుడి, పదిహేడు మెట్లు. మూడు వందల ఏళ్ల కిందట సిపాయిలొచ్చి ఊరు తగలబెడితే మిగిలింది పదకొండు మంది. వాళ్లు గుడి గంటను గెడ్డ మడుగులో దించి దాచారు. ఇరవై ఏళ్లు ఆ ఇళ్లలో చెట్లు మొలిచాయి. తర్వాత ఎక్కడినుంచో బళ్ల మీద కొత్త మనుషులొచ్చి కాలిన గోడల మీదే కప్పులు వేసుకున్నారు. పదకొండుగురిలో ఒక ముసలిది బతికి ఉండి మడుగు ఎక్కడో చూపించింది. నూకమ్మను పడుకోబెట్టేటప్పుడు నువ్వు చెప్పేది ఈ కథే. ఆ పదకొండు మందీ మన పెద్దలని ఆ పిల్లకు చెప్పావు. వాళ్లు మన పెద్దలు కారు.

ఆ ఊరి పేరు ఎర్లెన్‌గ్రుండ్. జర్మనీలో ఉంది.

మీ నాన్న ఈ తోటకు రాకముందు ఇక్కడ వీగండ్ దొర అని ఉండేవాడు. ఆయన వచ్చింది 1907లో. అప్పటికి సన్యాసికి మూడేళ్లు. వాడి కోసం నేను పూలాయి కర్రతో చిన్న బండి చెక్కాను. అది మెత్తని కర్ర, కత్తికి కొబ్బరి ముక్కలా తెగుతుంది. దొర ఆ బండిని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, మర్నాడు నన్ను బంగ్లాకు పిలిచాడు. వాళ్ల దేశంలో క్రిస్మసుకు బల్ల మీద బొమ్మల ఊరు పెడతారట. అందరూ దేవుడు పుట్టిన ఊరు పెడితే ఈయన తన ఊరే పెట్టుకుంటానన్నాడు. దొర తండ్రి ఆ ఊరి బడిపంతులు. ఊరి చరిత్రంతా ఒక పుస్తకంలో రాసుకున్నవాడట. దొర దగ్గర ఆ పుస్తకం ఉండేది. ఆయన తమిళం సగం, మలాయి సగం కలిపి చెప్పేవాడు, నేను చెక్కేవాణ్ణి. మధ్యాహ్నం వానకు తోటలో పని ఆగిందంటే నాకు కబురొచ్చేది. వసారాలో ఆయన కుర్చీలో, నేను కింద.

ఏటికి నాలుగైదు ఇళ్ల చొప్పున ఏడేళ్లలో ఊరు పూర్తయింది. ప్రతి ఇంటికీ ఒక సంగతి చెప్పేవాడు. ఇది కమ్మరిది, పొగగొట్టం వంకరగా ఉండాలి, ఎందుకంటే తాగి కట్టాడు. ఇది మరవాడిది, మూడు తరాలుగా మగపిల్లలు లేరు. మరవాడంటే గెడ్డ నీళ్లతో తిరిగే తిరగలి మీద పిండి ఆడించేవాడు, మాట నాకు దొరక్క అలా అనుకునేవాణ్ణి. ఒక ఏడు జూన్ నెలలో మంచు పడిందట. పంట కుళ్లి, పిల్లలు గడ్డి కలిపిన రొట్టె తిన్నారట. రైలు కొండకు అవతలగా పోయింది కాబట్టి ఊరు పెరగలేదట. ఇళ్లకు కప్పులు అంత ఏటవాలుగా ఎందుకు దొరా అంటే మంచు జారడానికి అన్నాడు. ఊరంతటికీ రొట్టెల పొయ్యి ఒకటే. వారంలో ఏ ఇంటి వంతు ఏ పూటో నాకు ఇప్పటికీ తెలుసు. నేను పుట్టిన ఊళ్లో ఎవరి ఇల్లు ఎక్కడో మాత్రం నాకు తెలియదు. ఎందుకు తెలియదో ఇప్పుడు చెబుతాను.

నీ పెళ్లి మాటలనాడు మీ నాన్న నన్ను కూచోబెట్టి అడిగిన మాటలు నీకు గుర్తుండవు. నువ్వు తడిక వెనక ఉన్నావు. ఇంటిపేరు చెప్పాను. అది ఎవరైనా చెప్పొచ్చు. అప్పుడు మీ నాన్న చుట్ట ముట్టించుకుని మొదలుపెట్టాడు.

"మీ ఊర్లో గుడేపున్నాదన్నా?"

"గెడ్డకి అవతల, మెట్ట మీద."

"మెట్లున్నాయేటి?"

"పదేడు."

"నువ్వు ఎక్కినావా?"

"ఎక్కినాను."

"మునసబు ఇల్లెక్కడ? లోపలెప్పుడన్నా కూకున్నావా?"

"వంతెన కాడ. గుమ్మానికి ఎదురుగా కమ్మరోడి కొలిమి. ఆలింట్లో పెద్ద గడియారమున్నాది, మా సిన్నప్పుడు అది సూడ్డానికే ఎల్లేవోలం."

ఆ ప్రశ్నలు దేనికో నాకు తెలుసు. తెలుగుదేశంలో ఊరి లోపలి సంగతులు ఊరివాడికే తెలుస్తాయి. ఊరి బయట పేటలో ఉండేవాడికి గుడి మెట్లు ఎన్నో తెలియవు, దూరం నుంచి శిఖరం తెలుస్తుంది. మునసబు ఇంటి గుమ్మం తెలుస్తుంది, లోపల ఏముందో తెలియదు. మలాయాలో కాపువాణ్ణని నోటితో ఎవడైనా అనొచ్చు. మీ నాన్న నోటిని నమ్మే మనిషి కాదు. ఆ పూట నాకు నోటికి ఏ ఊరూ రాలేదు, చేతులతో చెక్కిన ఊరు తప్ప. అదే చెప్పాను. రొట్టెల పొయ్యిని గానుగ చేశాను, మంచును వాన చేశాను. ఎప్పుడూ నాలుగు మాటలు మాట్లాడనివాణ్ణి, ఆవేళ గంటసేపు మాట్లాడాను. మీ నాన్న చివరికి "సాల్లే అన్నా, నీ ఊర్లో నాను తిరిగొచ్చినట్టున్నాది" అన్నాడు.

ఇంటికొచ్చాక మీ అత్త దాలమ్మ నా కాళ్లకు నీళ్లిస్తూ, "అంత మంచి ఊరికి నన్నెప్పుడు కాపరానికి తీసుకెల్తావు?" అంది. నవ్వలేదు. చనిపోయేదాకా మరి ఆ మాట ఎత్తలేదు.

మనం మాలవాళ్లం, తల్లీ. జగ్గన్నవలస ఊరు కాదు మాది, ఊరికి అవతల ఉన్న మాలపేట. మా అయ్య ఊరికి వెట్టి చేసేవాడు. విశాఖపట్నంలో ఓడెక్కేటప్పుడు గుమస్తా కులం అడిగితే కాపు అన్నాను. మా పక్కవాళ్లెవరూ ఆ ఓడలో లేరు. అరుగు బడిలో చదివానని చెప్పాను, అదీ అబద్ధం. మిషను వాళ్లు పేటలో పాక వేసి రెండేళ్లు బడి నడిపారు, అక్కడ చదివాను.

ఇప్పుడు మీ నాన్న నలుగురి ముందు, జగ్గన్నవలస నడివీధిలో నిలబడి, గుడి మెట్లు ఏవని అడుగుతాడు. నా కొడుకు చెప్పులతో, గొడుగుతో ఆ వీధిలో నడుస్తాడు. వాడికి అక్కడి నియమం ఏదీ తెలియదు, నేను చెప్పలేదు. వాణ్ణి ఏం చేస్తారో నాకు తెలుసు. నిన్ను ఏమంటారో కూడా తెలుసు. అందుకని వెళ్లొద్దంటున్నాను. సన్యాసికి నీకు తోచినట్టు చెప్పు. మీ నాన్నకు చెప్పొద్దు.

మీ మావ,
అప్పడు


సుంగై పాసిర్ తోట,
జూన్ 6.

అమ్మా కూర్మమ్మా,

మొన్నటి ఉత్తరం అందిందో లేదో తెలియదు. జవాబు ఇంత త్వరగా రాదని తెలిసినా ఇవాళ తెలుక్ ఆన్సన్ టపా కచేరీకి పోయి అడిగాను. అక్కడి తమిళ గుమస్తా, "ఎవరి దగ్గర్నించి తాతా?" అన్నాడు. కోడలి దగ్గర్నించి అనడానికి నాకు సిగ్గేసి కొడుకు అన్నాను. చూడు, ఇందులో కూడా అబద్ధమే వచ్చింది.

మొన్న ఒక సంగతి రాయలేదు. మోకాళ్ల నొప్పి వల్ల ఓడెక్కలేనని మీకు చెప్పాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఎందుకు రాలేదో రాయాలంటే వీగండ్ దొర సంగతి మిగతాది రాయాలి.

1913లో, అది ఆయన ఇక్కడ చేసిన ఆఖరి క్రిస్మసు, ముప్పై రెండు ఇళ్లూ బల్ల మీద పెట్టాక ఇంకొకటి చెక్కమన్నాడు. పొట్టిగా ఉండాలి, వీధి వైపు కిటికీలు ఉండకూడదు, వెనక గోడల్లేని ఒక పొడుగాటి సాయబాను ఉండాలి. చెక్కి ఇచ్చాను. దాన్ని బల్ల మీద వంతెనకు అవతల, గాలి ఊరి మీదినుంచి బయటికి పోయే పక్కన పెట్టాడు. కాసేపు చూశాడు. తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇదెవరి ఇల్లు దొరా?" అన్నాను.

వెళ్లి కుర్చీలో కూచున్నాడు. తర్వాత చెప్పాడు. చచ్చిన గొడ్లను ఈడ్చుకుపోయి తోలు ఒలిచేవాడి ఇల్లట. ఊళ్లో ఎవరూ ఆ ఇంటికి పోరు. గుళ్లో వాళ్లకు తలుపు పక్కన వేరే బల్ల. కల్లుపాకలో వాళ్ల చెంబు వేరే మేకుకు వేలాడుతుంది. చస్తే గోడ వారన పాతిపెడతారు. పిల్లలకు సంబంధాలు వేరే ఊళ్లలోని అలాంటి ఇళ్లవాళ్లతోనే. ఆ తోలు ఒలిచేవాడు దొరకు తాతట. దొర తండ్రి చదువుకుని, పై అధికారుల దయతో ఆ ఊరికే బడిపంతులై వచ్చాడు. ఊరివాళ్లు పిల్లల్ని పంపారు, ఆయన్ను మాత్రం ఏ ఇంటికీ పిలవలేదు. అందుకనే కూచుని ముప్పై రెండు ఇళ్ల చరిత్ర రాశాడట. తన ఇంటి సంగతి అందులో రాయలేదట.

కూర్మమ్మా, నేను ఆయన కాళ్ల దగ్గర కూచుని ఉన్నాను. చేతిలో కత్తి ఉంది. ఒళ్లో కర్ర పొట్టు ఉంది. దొరా, నాదీ అదే ఇల్లు అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేను పుట్టిన దగ్గర్నించీ నన్ను ఎవరూ అడగకుండా ఏ మాటా పైకి రాలేదు. ఆయన అడగలేదు. తల దించుకుని వచ్చేశాను.

మర్నాడు వాన పడితే బంగ్లాకు వెళ్లాను. దొర బట్లరు చేత చెప్పించాడు, కొట్టంలో పని చూసుకోమని. ఆ తర్వాత నన్ను వసారా ఎక్కనివ్వలేదు. తోటలో ఎదురైతే అందరు కూలీల మీద అరిచినట్టే నా మీదా అరిచేవాడు. ఒకసారి బెత్తం కూడా ఎత్తాడు. నేనేం తప్పు చేయలేదు. ఆయన గుట్టు నాకు తెలుసు, అంతే. చెప్పుకున్నవాడు విన్నవాడి మొహం చూడలేడు. ఇది ఆయన దగ్గర నేర్చుకున్నాను.

మరుసటి ఏడు ఆగస్టులో యుద్ధం వచ్చింది. పోలీసు పడవ వచ్చి ఆయన్ను నది మీద తీసుకుపోయింది, సింగపూరులో జర్మనులందర్నీ పెట్టిన చోటికి. రేవులో మేమంతా నిలబడ్డాం. ఆయన నా వైపు చూశాడో లేదో చెప్పలేను. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు దొర బంగ్లా బాగుచేయిస్తూ ఆ బల్లను, ఊరిని, అన్నిటినీ వంటింటి పొయ్యిలోకి పంపాడు. పూలాయి కర్ర నిప్పు అంటుకుంటే కాగితంలా మండుతుంది. ఏడేళ్ల పని, రెండు పూటల వంటకు కూడా రాలేదు.

మీకు నిజం చెప్పి, మీ పక్కన కూచుని సముద్రం మీద ఎనిమిది రోజులు ప్రయాణం చేయడం నా వల్ల కాదు. చెప్పకుండా చేయడం అసలే కాదు. అందుకని మోకాళ్లు అన్నాను. ఇక్కడుండి ఉత్తరం రాయడం తేలిక. నేను అలాంటి మనిషిని.

జవాబు రాయకపోయినా ఫరవాలేదు. వెళ్లకుండా ఉంటే చాలు.

మీ మావ,
అప్పడు


పెనాంగు డిపో,
జూన్ 9.

మావా,

కూర్మమ్మ రాసేది. రెండు ఉత్తరాలూ అందినాయి. నా చేతిరాత ఎలా ఉంటుందో నీకు తెలుసు. తప్పులుంటే నువ్వు నేర్పినవే.

మొదటి ఉత్తరం ఆడవాళ్ల పంపు దగ్గర కూచుని ఒక్కదాన్నే చదివాను. తర్వాత సన్యాసిని పిలిచి మొత్తం చదివి వినిపించాను. ఏదీ దాచలేదు. నీ కొడుకు అంతా విని, కులం గురించి ఒక్క మాట అనలేదు. "అలగైతే గెడ్డ కూడా నేదేటి?" అన్నాడు. అంతే. ఆ పూట అన్నం తినలేదు. నువ్వు మాలవాడివైనందుకు కాదు మావా, గెడ్డ లేనందుకు.

నాకు కొత్త ఏమీ కాదు. నీకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. తడిక వెనక నేను అంతా విన్నాను. ఆ సాయంత్రం మా నాన్న నాతో అన్నాడు, "ఆడు ముప్పై రెండు ఇళ్లూ సెప్పినాడు, గుడి సెప్పినాడు, గానుగ సెప్పినాడు. పేట ఏపున్నాదో సెప్పినేదు. ఊరోడైతే మొదట అదే సెప్తాడు, అటేపు ఎల్లొద్దని. పేట నేని ఊరు ఎక్కడున్నాదే గుంటా? పేటోడి నోట్లో తప్ప." నాకప్పుడు పద్నాలుగేళ్లు. మరి ఎందుకు ఇచ్చావు నాన్నా అని అడగడానికి వారం పట్టింది. "ఇక్కడ దొర కళ్లకి అందరం కూలీలమే. సన్యాసి ఒడుపైనోడు, తాగడు, నా మాట ఇంటాడు. మరీ ఎక్కువ మాట్లాడితే నోరు మూయించడానికి నా కాడ మాటున్నాది" అన్నాడు. అలా ఇచ్చాడు. తొమ్మిదేళ్లు సన్యాసి ఆయన వంతు కాయలు కూడా కోశాడు. ఎందుకు కోయిస్తున్నాడో నీ కొడుక్కి తెలియదు, మంచి మావగారు అనుకున్నాడు.

అంటే మా నాన్నకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని మా నాన్నకు తెలుసు. మాకు తెలుసని నీకే తెలియదు. నువ్వొక్కడివే దాచుకుని దాచుకుని ముసలాడివైపోయావు. నేను కంచం పెడితే తల ఎత్తేవాడివి కాదు, సిగ్గు అనుకునేదాన్ని. భయం అని నిన్ననే తెలిసింది. నా చేతి అన్నం తింటూ నాకు భయపడ్డావా? ఇది నాకు చాలా కోపం తెప్పించింది. కులం ఏమీ కాదు, ఇది.

రైలు స్టేషన్‌లో కూడా చూశాను, ఇప్పుడైనా చెబుతావేమోనని. నూకమ్మ బుగ్గ మీద చెయ్యి వేసి నిలబడ్డావు, రైలు కదిలేదాకా అలాగే ఉన్నావు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఇంకో సంగతి తెలిసింది. ఇక్కడ కిరాణి, అదే గుమస్తా, ఒకాయన ఎవరు ఏ ఊరికి పోతారో కాగితం మీద రాసుకుంటాడు. దాన్నిబట్టి మద్రాసులో రైలు టికెట్లు ఇస్తారు. మా నాన్న మాకు చెప్పకుండా ఎప్పుడో రాయించేశాడు. ఒక కాగితం మీద మా నాన్న, నేను, నూకమ్మ, బొబ్బిలి పక్క ఊరు. ఇంకో కాగితం మీద సన్యాసి ఒక్కడు, జగ్గన్నవలస. అందరం కలిసి గుడి మెట్లెక్కుదామన్నది ఉత్త మాట. వెళ్లి అడిగితే కోప్పడలేదు, బతిమాలాడు.

"మద్రాసు దాకా అల్లుడే. ఆడొచ్చి మన వీధిలో కూకుంటే నాకు ఊర్లో నీల్లెవడిస్తాడు? నువ్వు మొగుడు పోయినోలాగ ఉండు. ఇక్కడి మాటలు ఇక్కడే వదిలేసి ఎల్లిపోదాం."

"బతికున్నోడికి నన్నేటి ముండమోయమంటావు?"

"ముండమోస్తే కాపోలవుతావు. నేకపోతే ఏటవుతావో సూసుకో."

నేను తిన్నగా కిరాణి దగ్గరికి వెళ్లాను. చీకాకోలు, అదే శ్రీకాకుళం, తెలుగాయన. నన్నూ పాపనూ సన్యాసి కాగితం మీదికి మార్చమన్నాను. ఆయన కళ్లద్దాల పైనుంచి చూసి, "జగ్గన్నవలస నాకు తెలుసమ్మా. ఊరా, పేటా?" అన్నాడు. చుట్టూ లైనులో చాలామంది నిలబడి ఉన్నారు. మా నాన్న కూడా వెనకే ఉన్నాడు. పేట అన్నాను. గట్టిగానే అన్నాను. రాసుకున్నాడు.

అప్పట్నించి మా నాన్న షెడ్డుకు ఆ చివర పడుకుంటున్నాడు. నూకమ్మ వెళితే ముద్ద పెట్టడం లేదు. ఆ పిల్ల వచ్చి అడుగుతోంది, తాత కంచం ఎందుకు లాక్కున్నాడని. నేనేం చెప్పను?

నీ కోసం చేశానని అనుకోకు. వెళ్లొద్దన్నావు. ఎక్కడికి వెళ్లమంటావు? విశాఖపట్నంలో దిగితే అక్కడ అడగరా ఏ ఊరని? మళ్లీ ఇంకో ఊరు చెక్కి ఇస్తావా? నేను ఇంకొకరికి అబద్ధం చెప్పలేను. నా కూతురు చేత చెప్పించలేను.

నువ్వు రానందుకు నేను ఏమీ అనను. వచ్చినా నీతో ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు. అక్కడే ఉండు. వేళకు తిను.

ఒక్కటి మాత్రం రాసి పంపు. స్టేషన్ దిగాక పేటకు దారి. నాకు నీ జర్మనీ ఊరి దారే తెలుసు. ఓడ వచ్చే శుక్రవారం.

కూర్మమ్మ


సుంగై పాసిర్ తోట,
జూన్ 11.

అమ్మా కూర్మమ్మా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. ఈ పూటే టపాలో వేస్తే శుక్రవారం లోపల మీకు చేరుతుందని గుమస్తా చెప్పాడు. అందుకని ఎక్కువ రాయను. 

చీకాకోలు రోడ్డు స్టేషన్‌లో దిగండి. తూర్పుకు బండి దారి పోతుంది. పాపను ఎత్తుకుని నడిస్తే మధ్యాహ్నందాకా పడుతుంది. దారిలో ఒక పాత ఉప్పు కొటారు వస్తుంది, నా చిన్నప్పటికే పైకప్పు లేదు, గోడలైనా ఉంటాయి. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమది ఊళ్లోకి. దాని సంగతి నాకు తెలియదు. నేను ఎప్పుడూ వెళ్లలేదు.

కుడిది పొలాల గట్టు. చోడిచేల వెంబడి పోతుంది, వానాకాలం మోకాలి లోతు బురద. మీరు వెళ్లేసరికి వానలు మొదలవుతాయి. గట్టు దిగాక వాగులాంటిది ఒకటి ఉంది, ఊరి గేదెలు కడిగిన నీళ్లు మా వైపు వస్తాయి, వేసవిలో అవీ ఉండవు. సన్యాసి అడిగిన గెడ్డ అంటే అదొక్కటే. దాన్ని దాటితే పేట. నేను బయల్దేరిన నాటికి పద్నాలుగు ఇళ్లు. ఇళ్లు ఎవరివో రాస్తాను, గడప గడపకూ తెలుసు. మొదటిది కూర్మడిది, ఆయన డప్పు బాగా కొట్టేవాడు. రెండోది గుడ్డి పోలమ్మది, మంత్రసాని, నన్ను చేతిలోకి తీసుకున్నది ఆమే. మూడోది బడి పాక. నాలుగోది మాది. గోడకు తూర్పున మా అమ్మ పెట్టిన పొన్నగంటి మడి ఉండేది. మిగతావి రాస్తే ఉత్తరం ఆలస్యమవుతుంది. ఇవాళ మధ్యాహ్నం కూచుని తలుచుకుంటే అన్నీ వచ్చాయి. పద్నాలుగూ వచ్చాయి. ఏడేళ్లు ఆ దొర పక్కన కూచుని వాళ్ల ఊరు చెక్కినవాణ్ణి, ఈ పద్నాలుగు ఒక్కనాడైనా చెక్కలేదు.

ఊరివాళ్లు ఎదురైతే పక్కకు జరిగేవాళ్లం. చెప్పులు చేత్తో పట్టుకునేవాళ్లం. ఇప్పుడెలా ఉందో తెలియదు. సన్యాసికి ఈ మాట నువ్వే చెప్పు, చెప్పకుండా పంపకు. వింటాడో వినడో వాడిష్టం.

పేటలో నా పేరు ఎవరికీ గుర్తుండదు. మా అయ్య పేరు చెప్పు.

నేను పోయినదల్లా కుడి దారినే. నాకు తెలిసిన దారి అదొక్కటే కాబట్టి అది రాశాను. ఎడమ దారిన పోవాలని నీకుంటే, దాని గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు తల్లీ.

వెట్టి గంగడి కొడుకు,
అప్పడు